కుర్చీయా, సోఫానా?

అబ్బబ్బ, తలుపు దగ్గరే ఆగిపోతే ఎలాగండీ బాంగ్ గారూ? ఏసీ చల్లదనమంతా బయటికి పోతోంది. రండి, వచ్చి... ఆఁ, ఆగండాగండి! కూర్చునే ముందు ఒక్కమాట.

ఈ గది సంగతి తెలుసుగా? కుర్చీలో కూర్చుని చెప్పింది పైన పార్ట్‌నర్లకు వెళ్తుంది. అక్కడ నేను మన లాయర్ల ఆఫీసు మీదికి ముప్పు రాకుండా కాపలా కాసే ప్యో మేడమ్‌ని. సోఫాలో కూర్చుని చెప్పింది నా దగ్గరే ఉండిపోతుంది. అక్కడ నేను లాయర్ల మంచీచెడూ కనుక్కునే ప్యో మేడమ్‌ని. ఉద్యోగాలు రెండు, మనిషిని ఒక్కదాన్ని, గది ఒక్కటే. ఏం చెయ్యను మరి? అందుకే ఆ రూలు పెట్టా. పెద్ద తెలివైనదాన్ననుకున్నా.

ఏమైంది? కుర్చీ అంటే అందరికీ భయం. సోఫాలో కూర్చుంటే "వీడికేదో తేడా చేసింది" అనుకుంటారని సిగ్గు. చూడండి దాన్ని, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నా హ్యాండ్‌బ్యాగు తప్ప ఎవరూ కూర్చోలేదు.

నవ్వకండి. సరే, నవ్వండి, కాస్త మొహంలో కళొచ్చింది.

కింద భోజనాల దగ్గరికి వెళ్తానా, నా ట్రే చూడగానే బల్లంతా గప్‌చుప్. మొన్న ఒకాయన్ని "భోంచేశారా?" అన్నా. "ఇది అధికారికంగా అడుగుతున్నారా మేడమ్?" అన్నాడు! సియోల్లో ఎవరైనా ఎవర్నైనా అడిగే మాట కదండీ అది? అప్పట్నుంచీ కింబాప్ అన్నం చుట్టలు కొనుక్కొచ్చి ఇక్కడే, కిటికీ వైపు తిరిగి తింటున్నా. ఒక్కదాన్నే.

అయ్యో, ఏంటిది? రెంటికీ మధ్య నిలబడిపోయావేం? బాబూ, ఏమైంది? కుర్చీ వద్దా? సోఫా కూడా వద్దా? పోనీ, నిలబడే చెప్పు. నిలబడినవాళ్ల గురించి నేను రూలు రాయలేదు.

ఊఁ... ఊఁ. చోన్ గారి కేసా? లాండ్రీ కొట్టు ఖాళీ చెయ్యమని తీర్పొచ్చింది, ఆవిడేనా? అప్పీలు ఇంకా వెయ్యలేదా? గడువెప్పటికి?

ఈరోజుకా!

లేదు లేదు, తిట్టడం లేదు. చెప్పు. తీర్పు తెరుద్దామని కూర్చుంటే గుండె దడదడలాడి లేచిపోతున్నావా? ఆవిడ ఫోను చేస్తే "రేపు వేస్తా" అంటున్నావా, రోజూ?

చాలు, ఇంకేం చెప్పకు. నువ్వా కుర్చీలో కూర్చుని ఉంటే ఈపాటికి పైకి ఫోన్ చేసేదాన్ని, నీ కేసులన్నీ లాగేసుకునేవాళ్లు. సోఫాలో అయితే డాక్టరు నంబరిచ్చి, జాగ్రత్త నాయనా అని పంపేదాన్ని. రెంటిలో ఏదైనా, ఈలోగా గడువు దాటి ఆవిడ కొట్టు పోయేది. ఛీ, ఏం రూలు రాశానో!

లాప్‌టాప్ తెచ్చావా? నేలమీద కూర్చో. అవును, నేలమీదే! చిన్నప్పుడు అక్కడ కూర్చునేగా చదువుకున్నాం అందరం. జరుగు, నేనూ కూర్చుంటా. అమ్మా, మోకాళ్లు! అప్పీలు నోటీసు ఒక్కటి పంపితే చాలు, కారణాలు తర్వాత రాసుకోవచ్చు. తీర్పు నేను చూస్తా, నువ్వు అటు చూడకు. నేను చదువుతుంటా, నువ్వు టైపు కొట్టు. మెల్లిగా. ఎక్కడికీ పోను, పక్కనే ఉన్నా.

నోటీసు వెళ్లిపోయిందా? ఏదీ, చూపించు. హమ్మయ్య! ఏడువు నాయనా, ఏడువు. ఇక్కడికి ఎవరూ రారులే.

రేపు పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్తావు. ఆ తర్వాత చోన్ గారి కేసు ఇంకొకరికి ఇమ్మని నువ్వే పైకెళ్లి అడుగుతావు. అడగకపోయావో, సాయంత్రానికి నేనే వెళ్లి చెప్తాను. అప్పుడు నన్ననుకోకు.

ఒక్కమాట చెప్పనా? ఎవరికీ చెప్పకు. నువ్వలా కూర్చోలేక నిలబడిపోతే నాకు... సంతోషమేసింది. నిజం బాబూ. ఇన్నేళ్లకి నన్ను వెతుక్కుంటూ ఒక మనిషొచ్చాడని. ఎదుటివాడి కష్టం చూసి సంతోషపడేంత ఒంటరిదాన్నయిపోయాను చూడు. సిగ్గుచేటు!

సరే, వెళ్లు, మొహం కడుక్కుని మరీ వెళ్లు. ఎప్పుడైనా లిఫ్టులో ఎదురుపడితే నన్నెరగనట్టు ఫోను చూసుకో. అందరూ అంతేగా. నువ్వూ అలా తల తిప్పుకున్నావంటే, పోన్లే, పిల్లాడు కుదుటపడ్డాడు అనుకుంటాను.