అర్జీ రాసిన చెయ్యి

1977 ఎండాకాలం. మస్కట్ అవతల అల్ మవాలేలో కంపెనీ క్వార్టరు. శుక్రవారం, సైట్‌కు సెలవు. క్యాంపు నుంచి నాలుగు మైళ్ళు ఎండలో నడిచొచ్చిన కూలీ భూమయ్య, టైంకీపర్ వెంకటేశ్వర రావు గడప ముందు నిలబడ్డాడు. తలుపు తీసింది ఆయన భార్య కామేశ్వరి.

“సారు లేడంటున్నవు గని, సారు చెప్పులు గీడనే ఉన్నయి గదమ్మా.”

“అవి పాతవి నాయనా. రేపు రా.”

“రేపటికి అయిపోతదమ్మా. ఇయ్యాల్నే గావాలె. మా గంగన్నను పోలీసోళ్ళు పట్టుకపోయి మూడు దినాలాయె.”

“గంగన్నెవరు?”

“మా పెద్దన్న. గా నీళ్ళ అర్జీల...”

“కామేశ్వరీ, నువ్వు లోపలికి వెళ్ళు. భూమయ్యా, అరవకు, పక్క క్వార్టరు వాళ్ళు వింటారు. లోపలికి రా. ముందు తలుపెయ్యి.”

“లేరని చెప్పమన్నారు గదండీ, మళ్ళీ మీరే బయటికొస్తే ఎలా? ఇంతకీ నీళ్ళ అర్జీ ఏంటి?”

“ఏం లేదు. క్యాంపులో ఏదో నీళ్ళ గొడవ.”

“గొడవ గాదమ్మా. డీజిలు తెచ్చిన ట్యాంకరుల్నే, కడుగకుంట, తాగే నీళ్ళు తెస్తున్నరు. అరవై మందిమి కడుపులు వట్టుకోని తిరుగుతున్నం. మా తోటి కూలి దేవదాసుకైతే నెత్తురు వడ్డది, దవాఖాన్ల ఉన్నడు. ఇగ వశపడక అర్జీ వెట్టినం. సైట్‌ల అమెరికా ఇంజనీరు ఉన్నడు గద, ఆయన చేతికే ఇచ్చినం.”

“ఇస్తే ఇచ్చారు. ఇప్పుడు నా దగ్గరికెందుకు? వస్తుంటే నిన్నెవరైనా చూశారా?”

“మేకలు చూసినయి.”

“వేళాకోళమా?”

“గాదు సారూ. మూడు దినాల సంది కన్ను మూతవడలే. నోట్లెకెల్లి ఏమొస్తుందో నాకే ఎరుకలేదు.”

“అసలు నేనేం చెప్పాను? వేలిముద్రలు వరసగా వేయొద్దు, గుండ్రంగా వేయండి, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియకూడదు, అని చెప్పానా లేదా?”

“చెప్పినవు.”

“మరి?”

“పెద్దోడుండంగ చిన్నోడు ముందుగాల ఏలెట్ల వెడ్తడు సారూ? మా ఊర్ల చెరువు నీళ్ళ కాయితమైన, కల్లు వేలం కాయితమైన, పెద్దోడు వెట్టినంకనే తక్కినోళ్ళు. అన్న మీద వెట్టిండు, మేం కింద వెట్టినం. మర్యాద గద.”

“ఆ మర్యాదే ఆయన్ని లీడర్ని చేసింది! పైన ఎవడుంటే వాడి మెడే గదా దొరికేది.”

“ఏమండీ.”

“ఏంటి?”

“గుండ్రంగా వేయమని మీరెందుకు చెప్పారు?”

“నువ్వూరుకో.”

“ఊరుకోను. ఆ అర్జీ మీరు రాశారా?”

“అంతా విడివిడి ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాశాను కామేశ్వరీ. నా రాతని ఎవడూ పోల్చుకోలేడు.”

“అయ్యో, అయ్యో! కడుపుతో ఉన్నదాన్ని పరాయి దేశం తెచ్చి కూర్చోబెట్టి, మీరు అర్జీలు రాస్తున్నారా?”

“అమ్మా, సారు మంచికే రాసిండు. గా ఒక్క మాటనే మా కొంప ముంచింది.”

“ఏం మాట?”

“గదే, అమెరికా పెద్దాయన రేడియోల చెప్తుండట గద. మనిషి హక్కులు, మనిషి హక్కులు అని.”

“హ్యూమన్ రైట్స్. సాక్షాత్తూ వాళ్ళ ప్రెసిడెంటు మాట కామేశ్వరీ. పొద్దున లేస్తే అదే జపం. అమెరికా ఇంజనీరుకి వాళ్ళ ప్రెసిడెంటు మాటే అప్పజెప్తే కాదనలేడు గదా అనుకున్నా.”

“మేం గూడ గంతే అనుకున్నం. పల్లికాయ పండిచ్చిన రైతట గద గాయన. అంతకుముందొకాయన దొంగ టేపుల కాడ దొరికి గద్దె దిగిండంట. గీయన గట్ల గాదు, మన్ను పిసికినోడు, నీళ్ళ బాధ ఎరుకుంటది అనుకున్నం.”

“ఆ మాట రష్యావాడి మీద విసరడానికి తయారు చేసుకున్నది భూమయ్యా. మనదాకా రాదు. నాకిప్పుడర్థమైంది.”

“గా ఇంజనీరు మా ఫోర్‌మన్ ఖమరుద్దీన్‌తోని ఏమన్నడో ఎరుకేనా సారూ? నీళ్ళు బాగలేవని రాస్తే తెల్లారి కొత్త ట్యాంకరు తెప్పిద్దును, హక్కులని రాసిండ్రు, హక్కులంటే రాజకీయం, రాజకీయం నా పని గాదు, పోలీసోళ్ళ పని, అన్నడట. కాయితం అటే పంపిండు.”

“అలా... అలా అన్నాడా?”

“మాకు దూపైతుండె సారూ. గంతే. నీళ్ళడుగుమంటే నువ్వు హక్కులడిగితివి.”

“నన్నంటావేంటి? చదివి వినిపిస్తే చప్పట్లు కొట్టింది మీరు కాదూ?”

“కొట్టినం. అబద్ధమెందుకు, చెవులకు సల్లగ ఉండె.”

“ఇప్పుడేమంటున్నారయ్యా పోలీసులు? అది చెప్పు ముందు.”

“లీడరువు నువ్వేనా అని మొదటి దినం అడిగిండ్రమ్మా. ఇప్పుడది ఇడిసిండ్రు. ఇంగ్లీషుల రాసిందెవడు? పొద్దుమాపు గదొక్కటే. చెప్తే ఇడిసిపెడ్తరట, డ్యూటీకి పోవచ్చునట. చెప్పకుంటే జైలట. అటెన్క ఇమానం ఎక్కిచ్చి ఇంటికి తోలుడట.”

“చెప్పాడా?”

“సారూ...”

“నా పేరు చెప్పాడా భూమయ్యా? నీళ్ళు నమలకు, చెప్పు!”

“మీరాగండి. నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటాను. నాకు ఏడో నెల. ఈయన్ని తీసుకుపోతే ఇక్కడ నాకెవరున్నారు?”

“లే అమ్మా, లే. ఉట్టిమనిషివి గావు, నువ్వు నా కాళ్ళు వట్టుడేంది? నాకు పాపం తలుగుతది.”

“నన్ను రమ్మనడానికే వచ్చావు కదూ? నాకు తెలుసు. మూడు రోజులుగా చొక్కా తొడుక్కుంటున్నాను భూమయ్యా. గుమ్మందాకా వెళ్తున్నాను. అక్కణ్ణించి కాళ్ళు కదలవు. తిట్టు. ఉమ్మెయ్యి. కానీ నేను రాలేను.”

“పొద్దుగాల అన్నం గిన్నె తీస్కపోయి అన్నను కలిసొచ్చిన. అన్న చెప్పలే సారూ.”

“చెప్పలేదా?”

“నేనే చెప్పుమన్న. చిన్నోణ్ణయినా గట్టిగనే అన్న. పెండ్లాం పిల్లలను యాది చేసిన. గాయన నన్నే తిట్టిండు. రాసినోని పేరు చెప్తే మళ్ళ మనకు రాసేటోడు ఎవడురా, నీళ్ళు ఇంక గవే తాగుతున్నరు గదరా, అన్నడు.”

“మరి ఎవరు రాశారని చెప్పాడు?”

“నేనే రాసిన అన్నడు.”

“ఇంగ్లీషులోనా? వేలిముద్ర వేసినవాడా?”

“వాళ్ళు గూడ గదే అడిగిండ్రట. రాసేటోనివి ఏలెందుకు వెట్టినవురా అని. అందరు ఏలు వెడుతుంటే నేనొక్కణ్ణే సంతకం జేస్తే బాగుంటదా, అన్నడట.”

“నమ్మారా?”

“నవ్విండ్రట. నవ్వి, రేపు పొద్దుగాల కాయితం, కలం ఇస్తం, మొదటి వరుస మా ముందట రాయి, ఒక్క అచ్చరం తప్పినా రాసినోని పేరు కక్కిచ్చుడే, అన్నరట.”

“భగవంతుడా! ఓనమాలు కూడా రావే ఆయనకి! ఇక నన్నేం చేయమంటావు? నన్ను రమ్మనకపోతే మరి ఎందుకొచ్చావు?”

“గా మొదటి వరుస పెద్ద పెద్దగ రాసియ్యి సారూ. మాపటి అన్నంల దాచి ఇస్త. అన్న తెల్లారేదాక బండ మీద దిద్దుకుంటనన్నడు.”