పిన్ని నోరు

కొత్త వీధిలో ఖాళీ కుట్టుమిషను ముందు కూర్చుని, ఆమె పాత వీధిలోని పక్కింటి పిన్నికి ఫోన్ చేసింది.

"పిన్నీ, నా గురించి అక్కడ ఎవరైనా ఏమైనా అంటున్నారా?"

"అనకేం! చెప్పాపెట్టకుండా పోయావని వీధంతా ఆడిపోసుకుంటోంది."

"నిజంగానా? ఇంకా ఏమంటున్నారు?"

"తిడుతున్నారంటే అంత సంబరమేంటే? నా నోటికి జడిసే కదా ఇల్లు మారావు!"

"మారాను. ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు పిన్నీ. కొలతకి ఆది చొక్కా పట్టుకుని గుమ్మం దాకా వస్తారు. 'ఈవిడ ఎలాంటిదో ఏమో' అనుకుని వెనక్కి పోతారు. నా సంగతి అడుగుదామన్నా చెప్పేవాళ్ళు లేరు. ఇంట్లో పాత కర్టెన్లే విప్పి మళ్ళీ కుడుతున్నాను."

"అయ్యో పిచ్చి తల్లీ! ఆదివారం నేనొస్తాలే. మీ వీధి చివర కొట్టు దగ్గర ఓ గంట నిలబడితే చాలు."

"నిలబడి ఏం చెప్తావు?"

"మా వీధిలో ఉండేది, ఒట్టి కోపిష్టిది, చెప్పిన రోజుకి ఒక్కటీ ఇవ్వదు, కానీ మిగిలిన గుడ్డ జానెడున్నా మడతపెట్టి మరీ తిరిగిచ్చేస్తుందని చెప్తా."

"ఆ మొదటి రెండూ ఎందుకు పిన్నీ?"

"ఉత్త పొగడ్తలైతే ఎవరు నమ్ముతారే? నీ చుట్టాన్నేమో అనుకుంటారు."

ఆమె ఒళ్ళో ఉన్న పాత కర్టెన్ని మడతపెట్టి పక్కన పెట్టింది.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నాను. ఇంకోసారి తిట్టు పిన్నీ."