గండయ్య గారి గంజి గుడ్డలు

శ్రీ గండయ్య గారు 1950 ఆగస్టు ఏడవ తేదీన జడ్చర్ల శివారులోని మా క్షయ దవాఖానలో బట్టల కొట్టు బాధ్యతలు స్వీకరించారు. మక్తల్ వైపు ఒక నేత కుటుంబంలో జన్మించి, ముప్పై ఏడేళ్ల వయసు దాకా మగ్గమే లోకంగా జీవించిన వారు, పద్దెనిమిదేళ్ల నిష్కళంక సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. "నిష్కళంక" అన్న మాట చదివి వినిపిస్తే చేయి అడ్డం పెట్టారు. "గా గంజి ముచ్చట రాయకుంటే నా గురించి ఏం రాయకుండ్రి" అన్నారు. పెద్దల ఆజ్ఞ, తప్పదు!

పడుగుకు గంజి పట్టనిదే నేత నిలవదని నమ్మిన వంశం వారిది. ఆ నమ్మకంతోనే దుప్పట్లతో పాటు, నర్సులు ముఖానికి కట్టుకునే నాలుగు మడతల మూతిగుడ్డలకూ చిక్కటి గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, అప్పడాల్లా పేర్చేవారు. తనిఖీకి వచ్చిన అధికారులు మెచ్చుకుంటే వారికి కడుపు నిండిపోయేది.

ఆ గుడ్డను పొద్దున ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా కట్టుకున్న నర్సు లీలమ్మ గారి పాట్లు పగవారికి వద్దు! ముక్కు మీద తోలు లేచింది. నాడాలు ఒరిసి చెవుల వెనక పుండ్లు పడ్డాయి. చెమటకు తడిసిన గంజి బుగ్గలకంటుకుని ఒకటే దురద. తలనొప్పి, ఆయాసం సరేసరి.

"గాలి ఆడ్తలేదన్నా, జర మెత్తటిది ఇయ్యరాదు" అని ఆమె అడిగినప్పుడల్లా గండయ్య గారు నవ్వేసేవారు. "మెత్తటి గుడ్డకు ఇజ్జత్ ఏముంటది చెల్లె? గివన్నీ బహానాలు."

1961 ఎండాకాలంలో ఒకనాడు ఊపిరి సలపక ఆమె గుడ్డను గడ్డం కిందికి లాగిన క్షణానే తనిఖీ అధికారి వార్డులో అడుగుపెట్టారు. సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది. అందివచ్చిన హెడ్ నర్సు పదవి చేజారింది.

మరుసటి ఏడు గండయ్య గారి తమ్ముడు లింగయ్య అదే వార్డులో రోగిగా చేరారు. తమ్ముడికి జావ తాగించడానికి గండయ్య గారు తమ గంజి గుడ్డను తొలిసారి తామే కట్టుకున్నారు. గంట గడవకముందే ప్రాణం గిలగిలలాడింది. బయటికి వచ్చి దొంతి మొత్తాన్నీ తొట్టిలో వేసి, గంజి వదిలేదాకా స్వహస్తాలతో పిసికారు. ఆ మాపటికే పెద్ద డాక్టరు గారి ముందు నిలబడి, "తప్పు నాది సార్, ఆమె పేరు మీదిది కొట్టెయ్యుండ్రి" అని వేడుకున్నారు. ఎక్కిన సిరా దిగలేదు. ఏటా ఒక అర్జీ చొప్పున ఆరు పెట్టారు. ఆరూ తిరిగి వచ్చాయి. దోసెడు గంజికి ఎంతటి శిక్ష!

లీలమ్మ గారు నేటికీ నర్సే. ముక్కు మీది మచ్చ నేటికీ ఉంది. ఈ వ్యాసం కోసం కదిలిస్తే ఆమె అన్నారు: "అన్నను నేనెప్పుడో మాఫ్ చేసిన. గాని నేనడిగిన్నాడే ఒక్కపారి కట్టుకొని చూస్తే అయిపోతుండె గద."

ఆ మాట విని గండయ్య గారు, "గది గూడ రాయుండ్రి" అన్నారు.

ఏడవ అర్జీని ఈసారి సిబ్బంది అందరం కలిసి పంపుతున్నాం. మొదటి సంతకం వారిదే. ఉద్యోగిగా వారు పెట్టిన ఆఖరి సంతకమూ అదే. దానికి మంచి జవాబు కళ్లారా చూసి, ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు శ్రీ గండయ్య గారు ఆరోగ్యంగా, గుండెల నిండా ఊపిరి పీలుస్తూ వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.