తాడు కట్టిన పచ్చిక

హలో… ఆ, నేనేరా. అక్కని. చెప్పు.

…

ఎక్కడా? మా ఆఫీసు ముందా? అయ్యో, ఒక్క మాట చెప్పి రావచ్చు కదరా! వంతెన దాటి, రెండు బస్సులు మారి…

…మూడా! మీ ఊరి బస్సుల సంగతి తెలిసిందేగా. ఎక్కాలంటే ఒక పూట సెలవు పెట్టాలి, దిగాలంటే ఇంకో పూట.

…సరే, సరే. నవ్వనులే.

గార్డు ఏమన్నాడు? …నిజమే చెప్పాడు. నేను లోపల లేను. కొత్త మెట్రో స్టేషను స్థలం చూడటానికొచ్చా. తిరిగొస్తున్నా, కార్లో ఉన్నా… ఎంతసేపా? పది నిమిషాలు. పోనీ పన్నెండు.

…ఇంకా పావుగంట పైనే ఉంది కదరా ఐదవడానికి. ఎందుకా కంగారు?

…తెలుసు. ఫైలు నా టేబుల్ మీదుంటే నాకు తెలీదా? ఐదు కాగానే పై ఆఫీసు వ్యాను వస్తుంది, కవర్లు పట్టుకుపోతుంది. ఆలోపు నేను రిమార్కు గడిలో ఒక్క ముక్క రాసి సంతకం పెడితే మీ పార్కులో మళ్ళీ లెక్క పెడతారు. అంతేగా?

…ఆ. నీకు కొండ. నాకు ఒక గీత. వచ్చి గీస్తాను, నువ్వు కూర్చో.

…మెట్ల మీద కూర్చో. చినుకులు పడుతున్నాయా? ఇక్కడా పడుతున్నాయి.

— కాస్త నెమ్మదిగా పోనివ్వు.

…నీతో కాదు, డ్రైవరుతో.

ఏం రాయాలో నువ్వే చెప్పు. …ఊ… 'లెక్క పెట్టిన ఆదివారం నాడు పచ్చిక చుట్టూ తాడు కట్టి ఉంది. జనాన్ని కూర్చోనివ్వలేదు.' …బాగుంది. తొమ్మిదో తరగతితో ఆపేశావన్న మాటే గానీ, బాగా రాస్తావురా.

మరి తాడు ఎవరు కట్టారని రాయను?

…నువ్వే కదా. పెద్ద తోటమాలివి. నీ చేత్తోనే మేకులు కొట్టావు.

…నేను కట్టమన్నానా? ఎప్పుడు?

…

ఆ… శుక్రవారం. ఫోన్లో. 'ఆదివారం పార్కు చూడటానికి మనుషులొస్తున్నారు, గడ్డి నలగనివ్వకు' అన్నాను. అనలేదని ఎవరన్నారు? అక్క చెప్పే మాటే కదా అది.

…గడ్డిని కాదు, కూర్చున్న జనాన్ని లెక్కపెడతారని చెప్పలేదా? నువ్వు అడగలేదు కదరా. మెట్రోవాళ్ళ కాగితం రెండు ఊళ్ళకీ వచ్చింది. మీ పార్కులో మేము లెక్కపెట్టాలి, మా పార్కులో మీవాళ్ళు, దొంగలెక్కలు రాకుండా. ఎక్కడ ఎక్కువ మంది ఉంటే మెట్రో చివరి స్టేషను అక్కడ. లోపల కూర్చున్న ప్రతి మనిషికీ చేతిలో లెక్క యంత్రం మీట ఒక్కసారి నొక్కాలి. నడిచి వెళ్ళిపోయేవాళ్ళకి నొక్కకూడదు. మీ ఆఫీసులో ఎవరూ చదివి చెప్పకపోతే నేనేం చేసేది?

…ఏంటీ, చెప్పరా, నీళ్ళు నమలకు.

…ఆ. ఆ రోజంతా మీ పార్కులోనే ఉన్నాను. గేటు పక్క బెంచీ మీద. రెండుసార్లు టీ కూడా తెచ్చిచ్చావు. 'చూడక్కా, ఒక్క పోచ కూడా వంగలేదు' అన్నావు. ఎంత మురిసిపోయావో! చాపలు చంకన పెట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని జనం వస్తున్నారు, తాడు చూస్తున్నారు, బోర్డు చదువుకుని వెనక్కి పోతున్నారు. నువ్వేమో వాళ్ళని చేతులు జోడించి పంపిస్తున్నావు. 'వచ్చే ఆదివారం రండమ్మా' అని.

…నాలుగువందల పన్నెండు, బెంచీల మీద కూర్చున్నవాళ్ళు. ఒక్కటి ఎక్కువ నొక్కలేదు, ఒక్కటి తక్కువ నొక్కలేదు. నా ఉద్యోగం మీద ఒట్టు.

…మా పార్కులో రెండువేల తొమ్మిదివందల పైచిలుకు. అది మీవాళ్ళు నొక్కిన లెక్కే. మేం ఆ రోజు బస్సులు టికెట్టు లేకుండా తిప్పాం, కుర్చీలేశాం, తడికెలు కట్టి నీడ చేశాం. నీడ కోసం ఎన్నాళ్ళని మీ ఊరికి రావాలి మా జనం?

…కోప్పడటం లేదురా. చెప్తున్నా.

…ఎక్కడికి లేస్తున్నావు? …మా కమిషనరు దగ్గరకా? ఎందుకు?

…ఆయన రాయమంటే నేను రాయక తప్పదని నాకు తెలుసు. ఐదింటి దాకా ఉంటాడు, అదీ తెలుసు. కానీ నువ్వు పైకెళ్ళి, 'మా అక్క నన్ను మోసం చేసింది' అని ఆయన ముందు నిలబడతావా? నా ఉద్యోగం ఏమవుతుంది? మీ బావకి ఏం చెప్పుకోను?

…మరి కూర్చో. నేనొస్తున్నానంటే నమ్మకం లేదా? పరాయిదాన్నా?

…అది. కూర్చో. వంతెన మలుపు తిరిగాం. అదిగో, మా ఆఫీసు వీధి దీపాలు కనిపిస్తున్నాయి.

మాట్లాడుతూ ఉండు. ఊరికే ఎందుకు ఖర్చవ్వాలి ఈ పది నిమిషాలు?

ఒకటడుగుతా. మా పార్కు తెరిచిన రోజు నువ్వొచ్చావు చూడు… గుర్తుందా?

…ఏమన్నావు ఆ రోజు?

…మర్చిపోయావా! అందరూ చుట్టూ ఉన్నారు. కమిషనరు ఉన్నాడు, ఆయన భార్య ఉంది, పేపరువాళ్ళున్నారు. నేను నాటించిన మొక్కలు చూసి నవ్వి, 'అక్కా, ఇది పార్కు కాదు, మొక్కల ఆస్పత్రి' అన్నావు.

…సరదాకే. ఔను, సరదాకే. అందరూ నవ్వారుగా. నేనూ నవ్వాను. మర్నాడు పేపర్లో అదే హెడ్డింగు. ఏడాదిన్నర నన్ను ఆఫీసులో ఏమని పిలిచారో తెలుసా? డాక్టరమ్మ.

…నీకెలా తెలుస్తుందిలే.

మన ఇంట్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటి మనిషిని నేను. అయినా పేపర్లో ఫోటో నీది. పార నీ చేతిలో, బురద నీ పంచెకి, పేరు నీది! మా ఊరి జనమే ఆదివారం వస్తే చాపలు పట్టుకుని మీ పార్కుకి. కమిషనరు భార్య కూడా. ఆవిడ సోమవారం ఫోను చేసి నాతో అంటుంది కదా, 'మీ తమ్ముడు పార్కు భలే పెట్టాడమ్మా' అని.

…క్షమించమంటున్నావా? సరిగా వినపడలేదు. వాన చప్పుడు.

…ఇంకా గట్టిగా.

…అలా కాదు. 'నా మాట తప్పు, మా అక్క పార్కే మంచి పార్కు' అను. గార్డుకి కూడా వినపడాలి.

…

…ఆ. ఇప్పుడు వినపడింది. గార్డేమంటున్నాడు? నవ్వుతున్నాడా? నవ్వనీ. నవ్వులపాలైతే ఎలా ఉంటుందో నీకూ తెలియాలి కదా.

…రాస్తానురా, రాస్తాను. ఎన్నిసార్లు అడుగుతావు?

— అది ఆ పక్కన పెట్టు. అతికించు.

…డ్రైవరుతో. కారు అద్దం మీద ఏదో ఊడిందట.

…ఆ? మరదలు ఏమంటోంది? …పార్కు క్వార్టర్సు ఖాళీ చెయ్యాల్సొస్తుందని ఏడుస్తోందా. ఎవరు చెప్పారు ఖాళీ చెయ్యాలని?

…ఓ. మెట్రో మీ ఊరికి రాకపోతే బస్సులు పెంచాలి. బస్సులు పెంచితే డిపో కావాలి. డిపోకి స్థలం… ఔను, మీ ఊరి మధ్యలో ఖాళీగా ఉన్నది పార్కొక్కటే.

…ఖాళీ కాదులే. చెట్లున్నాయి. సరే, నా నోరు జారింది.

…ఎన్ని? రెండువందల ముప్ఫైయా? అన్నీ నువ్వే నాటావా, పదిహేడేళ్ళలో!

…అలా ఏడవకురా. మగాడివి, మెట్ల మీద కూర్చుని… జనం చూస్తారు.

…

…దాన్ని మధ్యలోకి తేకు.

…తేవద్దన్నానా! నా కూతురు నీ పచ్చిక మీద మొదటిసారి నడిచిందంటే ఆ రోజు నేను పరీక్షకి వెళ్ళాను కాబట్టి. ప్రమోషను పరీక్ష. నువ్వు ఎత్తుకుని ఆడించావు, అడుగు వేయించావు, నాకు ఫోను చేసి చెప్పావు. నాకు. తల్లిని నేను, చూసింది నువ్వు.

…

…లైన్లోనే ఉన్నా.

…ఏం లేదు. ఇక్కడ సిగ్నలు సరిగా లేదు.

…

ఒక్కటి చెప్పు. నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు. ఇప్పుడు రిమార్కు రాశానే అనుకో, మళ్ళీ లెక్క పెట్టారే అనుకో, తాడు విప్పేస్తావు, జనం వస్తారు. మా పార్కులో ఎంతమంది, మీ పార్కులో ఎంతమంది?

…ఆలోచించకు. ఉన్నది చెప్పు.

…అయిదువేలు. ఊ. ఆరు కూడా రావచ్చా?

…నిజం చెప్పావు. నువ్వెప్పుడూ నిజమే చెప్తావు, అదే నీతో బాధ. స్టేషను మీకే వస్తుంది. మెట్రో ఎక్కి మా ఊరి జనమంతా పావుగంటలో నీ చెట్ల కింద దిగుతారు. ఇప్పుడు ఆదివారమే వస్తున్నారు, అప్పుడు రోజూ వస్తారు. నా పార్కు దాటుకుంటూ వెళ్ళాలి వాళ్ళు. కిటికీలోంచి చూస్తారు. చూసి, నీ మాట గుర్తొచ్చి నవ్వుతారు.

…లేదులే. ఏం లేదు. ఊరికే అన్నాను.

…ఎక్కడిదాకా వచ్చానా? …వచ్చేశా.

…కారు కనపడటం లేదా? ఎలా కనపడుతుంది?

…ఐదైందా? నీ వాచీలో? …మా గోడ గడియారంలోనూ అయింది.

…ఆ. గోడ గడియారమే. కార్లో గోడ ఎక్కడుంటుందిరా, పిచ్చివాడా.

…

…మూడో అంతస్తు. పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాను, ఎవరొచ్చినా లేనని చెప్పమని గార్డుకి నేనే చెప్పాను. తల పైకెత్తు… ఇటు కాదు, ఎడం పక్క. ఆ. చూశావా?

…అరవకు. కమిషనరు ఇప్పుడే కిందికి దిగుతున్నాడు, కారు ఎక్కేస్తాడు. పరిగెత్తినా అందడు. వ్యాను కూడా వెనక గేటు నుంచి వెళ్ళిపోయింది. కవరు అతికించింది కూడా నీతో మాట్లాడుతుండగానే. అతికించమన్నది విన్నావు కదా.

…గడి ఖాళీగానే పంపాను. అబద్ధం ఒక్కటీ రాయలేదు. నన్ను ఎవరు అడిగినా అదే చెప్తాను.

…ఎందుకంటావేంట్రా. ఇంతసేపూ చెప్పిందదే కదా. నీ పార్కు ఉన్నంతకాలం నాది నీ పార్కు పక్కనున్న పార్కే.

…మరదలికి నేను చెప్పను. నువ్వే చెప్పుకో. పాప పుట్టినరోజుకి రావాలి అందరూ, అది మానకండి. చిన్నదానికి మేనమామ అంటే ప్రాణం.

…చెయ్యి ఊపకు. …పిలవకు, ఆఫీసు వాళ్ళు తొంగి చూస్తున్నారు. చెయ్యి దించురా.

…దించు.

…చొక్కా వెనకంతా తడిసిపోయింది నీది. అక్కడ్నుంచి లే. ఆరింటికి మీ ఊరికి బస్సుంది, అది తప్పితే ఇంకో గంట.

…హలో? …వినపడటం లేదు. జల్లు లోపలికి కొడుతోంది, ఫైళ్ళు తడుస్తాయి. కిటికీ వేసేస్తున్నా. ఉంటా.