గురుగ్రహం మీద కదలని నీడ

మా వీబ్రెన్ కోతలు మొదలుపెట్టే ముందు కాఫీ కప్పు పక్కకి జరుపుతాడు. చేతులాడించడానికి చోటు కావాలి కదా. ఆ శుక్రవారం సాయంత్రం కూడా జరిపాడు. ఉత్తరాన చలిదేశంలో ఉన్న మా ఫ్రీస్‌లాండ్‌లో జనవరి అంటే అయిదింటికే చీకటి, ఆ చీకటి నిండా మబ్బు. దుర్భిణీలు బయటికి తీసే పని లేక మా నక్షత్రాల సంఘం వాళ్లం నలుగురం పాత పాలకేంద్రం గదిలో పొయ్యి చుట్టూ చేరాం. నేను, బడిలో లెక్కలు చెప్పే ట్యాలింగ్, వీబ్రెన్, అతని మరదలు హిస్కె.

వీబ్రెన్ ముప్పై ఏళ్లు మా కాలవ మీది వంతెనని పడవల కోసం ఎత్తి దించినవాడు. కుర్రతనంలో వంతెన తాడు తెగి ఎడమ కంటికి తగిలింది, అప్పట్నుంచి ఆ కన్ను ఉన్నా లేనట్టే. "రెండు కళ్లున్న మీకంటే నా ఒంటికన్నే ఎక్కువ చూస్తుంది" అంటాడు. అతని కోతలన్నిట్లో అదొక్కటీ నిజం. గురుగ్రహం మీద దాని చంద్రుల నీడ నడిచిపోవడం చూడాలంటే ఓపికుండాలి. ఆవగింజంత నల్లచుక్క అది. అంచు మీద అది కాలు పెట్టిన నిమిషాన్ని వీబ్రెన్ పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరు. "ఇదిగో!" అని అతను అరిస్తే, పక్కన గడియారం పట్టుకుని కూర్చున్న అతని భార్య ఔకె టైము రాసేది. ఆ తర్వాతే నీడల వేళలు అచ్చేసిన పంచాంగం తెరవాలి, అది మా కట్టుబాటు. తెరిస్తే నిమిషం తేడా ఉండేది కాదు.

ఔకె పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి అతని నోటికి పగ్గం వేసేవాళ్లు లేరు. పైగా ఈ మధ్య మాట్లాడేటప్పుడు మా మొహాలు చూడడం మానేసి, గోడకున్న, కోట్లు తగిలించే కొక్కేల వైపు చూస్తున్నాడు. పొగరు తలకెక్కిందని ట్యాలింగ్ అనేవాడు.

"మొన్న మంగళవారం ఓ నీడ చూశాను," అన్నాడు వీబ్రెన్. "పెద్ద విశేషమేం కాదులే. పెరట్లో, సాయంత్రం ఆరింటికి. గురుగ్రహం నడిబొడ్డున, నల్లగా, నిండుగా."

"అంచు మీద ఎప్పుడెక్కింది?" అన్నాడు ట్యాలింగ్.

"అదే తమాషా. ఎక్కలేదు! నేను కన్ను పెట్టేసరికే మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చునుంది."

"ఐపీస్ మీద దుమ్మయ్యుంటుంది. తిప్పి చూశావా?"

మాలో కొత్తవాళ్లకి నేర్పే మొదటి పాఠం అది. దుర్భిణీకి కన్ను ఆనించే ఐపీస్‌ని తిప్పితే దాంతోపాటు మచ్చ కూడా తిరిగిందంటే అది దుమ్ము.

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా! తిప్పాను. తిరగలేదు. ఐపీస్ మార్చాను. కదల్లేదు. ఎంత పెద్ద నీడైనా మూడు నాలుగు గంటల్లో దాటి పోవాలా వద్దా? ఇది పదింటికి కూడా అక్కడే ఉంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? దుర్భిణీని మన చందమామ మీదికి తిప్పాను. ఆ తర్వాత ఏమైందనుకున్నారు? ఆ నీడ అక్కణ్ణించి ఒక్క గెంతు గెంతి, మన చందమామ మీద కూర్చుంది!"

"అరవై కోట్ల కిలోమీటర్లు," అన్నాడు ట్యాలింగ్.

"దూకేదానికి లేని బాధ నీకెందుకయ్యా? విను. ఇదేదో నా వెంట పడిందని తలెత్తి చూశాను. చర్చి గడియారం మీద ఉంది. ముళ్లు రెండూ మింగేసింది. అంకెలు మాత్రం చుట్టూ భద్రంగా ఉన్నాయి. ఇక టైము ఎలా రాస్తాను? అందుకే ఆ రోజు నీడ గీసి టైము రాయాల్సిన కాగితం ఖాళీ. మీరు మళ్లీ బద్ధకం అనుకుంటారని చెప్తున్నాను."

నేను నవ్వాను. ట్యాలింగ్ కూడా నవ్వాడు. హిస్కె మాత్రం అల్లుతున్న సూదులు ఆపి బావ వైపు చూసింది.

"మర్నాడు వంతెన దగ్గరికెళ్లాను. ఆ కటకటాలకి ముప్పై ఏళ్లు రంగేసింది నేను, గీత గీసినట్టుండేవి. అలా చూశానో లేదో, వానపాముల్లా మెలికలు తిరిగిపోయాయి. నా చూపుకి ఇనుము వంగుతోందర్రా! దీపస్తంభాలు కూడా ఒంగి దణ్ణం పెట్టాయి."

"అందుకేనా ఈ మధ్య సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వస్తున్నావు?" అన్నాను నేను.

"మరి? రోడ్డు మధ్యలో గురుగ్రహం నీడ పడుంటే దాని మీదినుంచి తొక్కమంటావా? మర్యాద లేదూ? సరే, ఆదివారం చర్చికెళ్లాను. పాస్టరు గారి తల మాయం. కాలరుంది, చేతులున్నాయి, ఆ మధ్య ఖాళీలోంచి ప్రసంగం వస్తోంది. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్లలో ఆయన ప్రసంగం అంత బాగా ఎప్పుడూ లేదు!"

"మంగళవారం చూసిన నీడ," అంది హిస్కె మెల్లగా, "అంతకు ముందు ఆదివారం చర్చికెలా వచ్చింది బావా?"

కోతలరాయుళ్లకి ఇలాంటివి లెక్కలోకి రావు. వీబ్రెన్ చెయ్యి విసిరాడు.

"ఆదివారమో, ఏదో వారమో. పేపరు సంగతి వినండి. నేను ఏ మాట చదవాలనుకుంటే సరిగ్గా ఆ మాటే తింటుంది. పక్క మాటల్ని ముట్టుకోదు. అంత నిక్కచ్చి. ఇదంతా నేను సరదాగానే తీసుకున్నాను. ఇంతమంది పండితులున్నారు, ఏ ఒక్కడి వెనకైనా గురుగ్రహం నీడ కుక్కపిల్లలా ఇంటిదాకా వచ్చిందా? నా వెనకొచ్చింది. గడప దాటి లోపలికి కూడా వచ్చింది. వచ్చి..."

అక్కడ ఆగాడు. కొక్కేల వైపే చూస్తున్నాడు.

"వచ్చి ఔకె ఫొటో మీద కూర్చుంది. నాకు కోపం వచ్చింది. ఆకాశమంతా ఉంది, ఊరంతా ఉంది, నీకు ఇదే దొరికిందటే అని తిట్టాను. ఫొటో చుట్టూ చట్రం కనిపిస్తోంది. శాలువా కనిపిస్తోంది. గడియారం పట్టుకున్న చెయ్యి కనిపిస్తోంది. మొహం మాత్రం లేదు. పక్కనున్న గోడ వైపు చూస్తాననుకో, కంటి కొసన వస్తుంది, నవ్వుతూనే ఉంటుంది. వచ్చింది కదా అని ఇటు తిరిగితే పోతుంది. మళ్లీ గోడ వైపు చూస్తే వస్తుంది. గంటలకి గంటలు ఆడాం ఇద్దరం ఆ ఆట. బతికున్నప్పుడు కూడా దాగుడుమూతలు ఇంతగా ఆడలేదు."

ఎవరం నవ్వలేదు. అలవాటు కొద్దీ ట్యాలింగ్ పంచాంగం తెరిచాడు, వేలు పెట్టి చూశాడు. "మంగళవారం సాయంత్రం గురుగ్రహం మీద నీడలేం లేవు," అన్నాడు. ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు వెంటనే పుస్తకం మూసేశాడు.

హిస్కె లేచి వచ్చి వీబ్రెన్ ఎదురుగా కూర్చుంది.

"బావా, ఇటు చూడు. నా మొహం కనిపిస్తోందా?"

అతను చూశాడు. తర్వాత మెల్లగా చూపుని ఆమె భుజం మీదుగా గోడ మీదికి జరిపాడు. "ఇప్పుడు కనిపిస్తోంది," అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు, ఇన్నాళ్లూ కొక్కేల వైపు ఎందుకు చూశాడో. మమ్మల్ని చూడాలనే అటు చూశాడు. పొగరనుకున్నాం మేం. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"బావా," అంది హిస్కె, "నీకున్నది ఆ ఒక్క కన్నే."

వీబ్రెన్ చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. అంత మనిషీ చిన్నవాడైపోయినట్టున్నాడు.

"ఎన్నాళ్లయింది?"

"సెప్టెంబర్ నుంచి."

"డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్లలేదు?"

"వెళ్తే ఇది నీడ కాదు, కన్నంటాడు," అన్నాడు. "నీడయితే పోతుంది హిస్కె. నీడలన్నీ పోతాయి. నేను ముప్పై ఏళ్లు చూశాను, పోకుండా ఉన్నది ఒక్కటీ లేదు."

హిస్కె కళ్లు తుడుచుకుంది. అలమారలోంచి మా కాగితం ఒకటి తీసింది. గురుగ్రహాన్ని గీయడానికి ముందే గుండ్రం అచ్చేసిన కాగితం అది, పైనా కిందా కాస్త నొక్కినట్టుంటుంది. పెన్సిల్ అతని చేతిలో పెట్టి, పక్కనే గడియారం పట్టుకుని కూర్చుంది.

"ఎక్కడుందో గియ్యి. రేపు పొద్దున మొదటి బస్సుకి నిన్ను పట్నం ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. ఇది వాళ్లకి చూపిద్దాం. కోతలు కొయ్యకుండా ఎంతుందో అంతే గియ్యి."

అతను కాగితాన్ని కాకుండా కాగితం పక్కనున్న బల్లని చూస్తూ గీశాడు. ఆవగింజంత కాదు, రూళ్ల కర్ర చివరంత. సరిగ్గా నడిమధ్యలో. అన్ని కాగితాల మీదా అంత శుభ్రంగా గీసినవాడు, నల్లగా దిద్ది దిద్ది కాగితం చిరిగేదాకా దిద్దాడు.

"ఇదిగో," అన్నాడు, వినీ వినపడనట్టు.

హిస్కె టైము రాసింది, ఏడూ ఇరవై మూడు. ఔకె సంతకం చేసే చోట తన పేరు రాసింది. కింద సాక్షులుగా నేనూ ట్యాలింగూ సంతకాలు పెట్టాం.

వీబ్రెన్ కాఫీ కప్పు కోసం తడుముకున్నాడు. నేను అతని చేతికి అందించాను. కొక్కేల వైపు తిరిగి, అంటే ట్యాలింగ్‌ని చూస్తూ, అడిగాడు.

"ట్యాలింగ్, అది ఎన్నింటికి దాటిపోతుందో పంచాంగంలో ఉందేమో, ఓసారి చూడవా?"

ట్యాలింగ్ పంచాంగం తెరిచి పేజీలు తిప్పుతూ కూర్చున్నాడు.