ఎదురుకాళ్ల వైద్యం

డెబ్బై నాలుగు ఎండాకాలం. కంకిపాడులో మా పక్కవాటాలో ఆటోనగర్ కొట్టు గుమాస్తా ఉండేవాడు. అటునుంచి ఎప్పుడూ భార్య ఏడుపే వినపడేది. ఆ ఆదివారం మాత్రం అరుపు అతనిది.

“అమ్మా! నడుం విరిగిపోతోందే. మళ్లీ డాక్టర్ని పిలువు.”

“ఇందాకేగా చూసెళ్లారు. పొద్దస్తమానం కూర్చునే ఒంటికి ఇంతేనన్నారు. కాస్త కదలాలంట.”

“కదిలితేనేగా పట్టేసింది!”

“అవును, నామీదికి బెల్టెత్తారు. కొట్లో కుర్చీ, ఇంట్లో పడక్కుర్చీ. మీరు లేచేది నన్ను కొట్టడానికేగా.”

“నోర్ముయ్. లేవనీ, నీ పని చెప్తా.”

“ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుం పట్టు వదుల్తుందంటారండీ. నేనట్లాగే పుట్టాను.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం? సరే, తన్ను. మెల్లిగా.”

“మెల్లిగా తంతే వదలదు. బోర్లా పడుకోండి.”

“అబ్బా!”

“ఇది పొద్దుటి బెల్టుకి.”

“చంపేస్తావా ఏంటే!”

“ఇది నిరుడు మీరు తంతే నా కడుపులో పోయిన బిడ్డకి.”

“చాలు! తగ్గిందే, ఒట్టు!”

“తగ్గితే లేవండి.”

“లేవలేను... ఏమే, నువ్వు నిజంగా ఎదురుకాళ్లతోనే పుట్టావా?”

“లేదండీ. అట్లా పుట్టింది మా అక్క. నేను అందరిలాగే పుట్టాను. కదలకండి.”