ఒక్క పొగగొట్టం చాలదూ?

నార్వే కొండల మీద ఈస్టర్ సెలవులు. చెక్క ఇంటి గోడకు వీపు ఆనించి, ఎండలో ఆమె నారింజపండు ఒలుస్తోంది. పక్కింటాయన చేతిలో హత్యల నవల ఉంది. ఈస్టర్‌కు ఆ కొండల్లో అందరూ చదివేవి అవే.

“ఈ ముక్క వినండి, ఎంత బాగా రాశాడో! ఇన్‌స్పెక్టర్ ఆస్లాక్ పక్కింటావిడతో అంటాడు: ‘మీరూ ఒంటరే, నేనూ ఒంటరినే. రెండు పొయ్యిలెందుకు, రెండు పొగగొట్టాలెందుకు? ఒకటి చాలదూ?’”

“నిజంగా అలాగే ఉందా?”

“ఉన్నదున్నట్టు చదివాను.”

“కళ్లజోడు నెత్తిమీద పెట్టుకునా?”

ఆయన గబుక్కున దాన్ని కిందికి లాక్కున్నాడు.

“బాగా నచ్చి కంఠతా వచ్చేసింది లెండి.”

“ఆ పుస్తకం మీకిచ్చిందే నేను. ఆస్లాక్‌ను మొదటి అధ్యాయంలోనే చంపేశారు కదండీ!”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అది చలికి కాదని ఆమెకు తెలుసు. పండులో సగం ఆయన చేతిలో పెట్టింది.

“చచ్చినవాడికి నేను జవాబు చెప్పను. బతికున్న మనిషి అడిగితే చెప్తా.”

“అడుగుతున్నాను. ఎవరి పొయ్యి ఉంచుదాం?”

“నాదే. మీ పొగంతా ఇంట్లోకే కొడుతుంది.”